సంగీత కళాశాల మెట్లు ఎక్కినవారు

ఏటా వేసవి సెలవులు ముగిసే రోజులలో మా కేంద్రమునకు వచ్చే ఉత్తరములలో ఒక తరహా ఉత్తరము తప్పక ఉంటుంది. వ్రాసేది సాధారణముగా తండ్రి; అప్పుడప్పుడు తల్లి. "మా వాడు చదువులో వెనుకబడినవాడు కాడు. అయినా సంగీత కళాశాలలో చేరుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. మీరు నిత్యము విద్వాంసుల మధ్య మెలగేవారు. చేర్పించమంటారా, వద్దంటారా?" అని అడుగుతారు. కొందరు అమ్మాయిని గూర్చి అడుగుతారు. మాటలు వేరైనా అడుగున ఉన్న భయము ఒక్కటే: పాటను నమ్ముకొన్న బిడ్డ బ్రదుకగలడా?

ఆ ఉత్తరములకు నేను వ్రాసే జవాబు నాలుగు పంక్తులకు మించదు. కాని ఆ ప్రశ్న వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. కళాశాలలో చేరి సంగీతము నేర్చుకొనే మార్గము తెలుగునాట ఎప్పుడు తెరచుకొన్నది, ఆ మార్గమున నడచినవారు ఏమి పొందినారు, అందుకు ఏమి చెల్లించినారు అనే విషయములను ఈ ప్రసంగములో ముచ్చటిస్తాను. ఆ సంగతులు విన్న తరువాత, ఉత్తరము వ్రాసిన తల్లిదండ్రులు తమ జవాబును తామే చెప్పుకొనగలరని నా నమ్మకము.

కళాశాలలు లేని కాలమున సంగీతము గురువుగారి ఇంట ఉండేది. కృష్ణా తీరమున పెదకళ్ళేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి ఇల్లు అట్టిది. శాస్త్రిగారు త్యాగరాజస్వామి శిష్యులైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి వద్ద నేర్చినవారు. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. త్యాగరాజస్వామి మొదలుకొని లెక్కించితే బాలమురళీకృష్ణగారు ఐదవవారు. అంత దగ్గరి తీగ అది. ఒకరి నోట పుట్టిన పాట మరొకరి చెవిలో పడి, మధ్య కాగితము అనేది లేకుండ, ఐదు తరములు నడచి వచ్చినది.

ఆ ఇండ్లలో విద్య నడచే తీరు మనకు కొంత తెలుసు. శిష్యుడు గురువుగారి ఇంటనే ఉండేవాడు. తెల్లవారకముందే లేచి నీళ్ళు తోడేవాడు, బట్టలు ఉతికేవాడు, తంబుర శ్రుతి చేసి గురువుగారి వెనుక కూర్చుండేవాడు. సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు, ఆ తరువాత కీర్తనలు. ఈ క్రమమునకు తిథివారములు లేవు. వర్ణము పలికే గొంతు ఎప్పుడు వచ్చినదో గురువుగారికే తెలియవలెను. జీతము లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. శిష్యుడు పాఠము చెప్పుకొన్న గంటకంటె, పాఠము కాని వేళలో విన్నది ఎక్కువ. గురువుగారు స్నానము చేస్తూ తీసిన కూనిరాగము కూడ పాఠమే.

ఈ పద్ధతి గొప్పదనమును తక్కువ చేసి మాట్లాడుట నా ఉద్దేశము కాదు. కాని దానికి ఒక ద్వారపాలకుడు ఉన్నాడు. గురువు సమ్మతించవలెను. ఆ గురువు నడచి పోగలిగినంత దూరమున ఉండవలెను. శిష్యుని కులము, కుటుంబము, ఇంటి ఆచారము ఆ గడపకు సరిపడవలెను. గృహస్థుల ఇండ్ల ఆడపిల్ల గురువుగారి ఇంట ఉండి నేర్చుకొనుట ఊహించరాని సంగతి. నాటి తెలుగు సమాజమున స్త్రీలలో సభయందు పాడినవారు ప్రధానముగ కళావంతుల కుటుంబములవారు. వారి విద్యను మెచ్చుకొన్న నోటితోనే లోకము వారిని చిన్నచూపు చూచినది. ఇన్ని అడ్డుగోడల నడుమ సంగీతమే ఒక మనిషిని ఎన్నుకొనేది గాని, మనిషి సంగీతమును ఎన్నుకొనుట అరుదు.

ఈ గోడలలో మొదటి కిటికీ అచ్చుయంత్రము వలన ఏర్పడినది. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథమును తెలుగు లిపిలో ప్రకటించినారు. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు, మరెందరో వాగ్గేయకారుల రచనలు, స్వరములతో, గమక చిహ్నములతో అందులోనికి ఎక్కినవి. గురువు నోట మాత్రమే ఉన్నది పుస్తకములో కూడ ఉండగలదని దక్షిణాదికి ఆ గ్రంథము చాటినది. పుస్తకము ఉన్న చోట తరగతి గది రావడము ఇక ఎంతో దూరము లేదు.

ఉత్తరాదిని అప్పటికే ఆ తరగతి గది వెలసినది. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోరు నగరమున గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించినారు. ఆయన బాల్యములో బాణసంచా ప్రేలి చూపు దెబ్బతిన్నవాడు. రాజు కొలువును ఆశ్రయించక, ప్రజల విరాళములతోను తన కచేరీల రాబడితోను విద్యాలయమును నడిపినాడు. వకీలు వృత్తిలో ఉండి సంగీతశాస్త్రమునకు జీవితమును అంకితము చేసిన విష్ణు నారాయణ భాత్ఖండే 1904లో దక్షిణదేశ యాత్ర చేసి, ఎట్టయపురములో సుబ్బరామ దీక్షితులవారిని దర్శించినారు. తరువాత 1926లో లక్నోలో మారిస్ కళాశాల వెలయుటకు ఆయనే మూలపురుషుడు. సంగీతమును బడిలో చెప్పవచ్చుననే భావము దేశమున బలపడుతున్న కాలము అది.

తెలుగుదేశమున ఆ భావమునకు గూడు కట్టినది విజయనగరము. ఆ ఊరిలో ఆంగ్లవిద్యకు కళాశాల 1879 నాటికే ఉన్నది. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో తొలిసారి రంగమెక్కినది ఆ ఊరనే. పూసపాటి ప్రభువుల కొలువులో గాయకులకు, వైణికులకు ఆదరము కొత్త కాదు. అయినా కొలువు వేరు, కళాశాల వేరు. కొలువులో రాజు వింటాడు; కళాశాలలో ఊరిబిడ్డ నేర్చుకొంటాడు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన విజయరామ గజపతిరాజుగారు అక్కడ సంగీత పాఠశాలను ప్రారంభించినారు. ఈనాడు అది మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల.

ఆ పాఠశాల పుట్టుకను గూర్చి విజయనగరములో ఒక కథ చెప్పుకొంటారు. సంస్థానములో ఉద్యోగము చేస్తూ వచ్చిన చాగంటి జోగారావుగారికి చూపు లేని కుమారుడు ఒకడు ఉన్నాడట. ఆ బాలునికి సంగీతమందు ఆసక్తి. వానికి విద్య చెప్పించే ఏర్పాటు చేయవలెనని ప్రభువు తలచి, ఒక్కనికోసము చేసే ఏర్పాటు పదిమందికి ఎందుకు చేయరాదని పాఠశాలనే నెలకొల్పినాడట. ఒక బిడ్డ అవసరమునుండి అందరి బిడ్డలకు గడప ఒకటి లేచినది.

ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో జన్మించిన దాసుగారికి అప్పటికి 54 ఏండ్లు. హరికథా పితామహునిగా దేశమంతట పేరుపొందినవారు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికి, అచ్చతెనుగులోనికి తెచ్చిన బహుభాషావేత్త. అట్టి స్వతంత్రుడు గంట కొట్టే బడికి పెద్దగా ఉండుటకు ఒప్పుకొనుటయే ఒక విశేషము. ఆయన ఆ పదవిలో 1936 వరకు ఉన్నారు.

ఆయన తరువాత ఆ స్థానమునకు వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. వారి కథ మన ప్రశ్నకు మరింత దగ్గరిది. నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్టణములో పెరిగినారు. బాల్యమునుండి చూపు మందము. నల్లబల్ల మీది అక్షరములు కనిపించవని గ్రహించిన ఉపాధ్యాయులు బడి మానుకొమ్మని చెప్పి పంపినారు. ఇంట అన్నగారు వెంకటకృష్ణయ్యగారు వయొలిన్ పట్టించినారు. ఇరువదియారవ ఏట, విజయనగరములో సంగీత పాఠశాల పెట్టినారని విని, అందులో విద్యార్థిగా చేరుదామని వెళ్ళినారట. ఆయన వాదనము విన్న దాసుగారు, నీవు నేర్చుకొనవలసినవాడవు కావు, నేర్పవలసినవాడవు అని చెప్పి ఆచార్యునిగా నియమింపజేసినారని ప్రతీతి. ఒక బడి చూపు లేదని వదులుకొన్న బాలుని, మరొక బడి వినికిడిని చూచి గురువును చేసికొన్నది. పడమటినుండి వచ్చిన ఆ వాద్యమును తోడువాద్యముగనే కాక, ఒంటరిగ కచేరీ చేయదగిన వాద్యముగ నాయుడుగారు దేశమునకు వినిపించినారు. 1957లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ఇక ఈ కళాశాలను వెదుకుకొంటూ వచ్చిన ఒక బాలుని సంగతి చెప్పవలెను. కృష్ణాజిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు అతడు. తండ్రి సూరయ్యగారు మృదంగము తెలిసినవారు, తరంగములు పాడేవారు. కుమారుని భుజమునెక్కించుకొని భజనలకు తీసికొనిపోయేవారు. తండ్రి తరంగము పాడగా పిల్లవాడు చిందులు వేసేవాడు. ఆ తండ్రి, కుమారునికి పదకొండేండ్ల వయసున పోయినాడు. పోతూ పోతూ, సంగీతము విడువవద్దని కోరినాడు. మేనమామ ఇంట పెరిగిన ఆ పిల్లవాడు సంగీతము చెప్పే గురువును వెదుకుతూ రెండు మూడిండ్లలో చేరినాడు. ఒక ఇంట బట్టలు ఉతికినాడు, మరొక ఇంట వంట చేసినాడు. పనిలో గడచిన కాలము ఎక్కువ; పాఠమునకు దొరకిన కాలము తక్కువ. పాత పద్ధతిలోని కష్టము అనుభవించినాడు గాని, దాని ఫలము అతనికి దక్కలేదు.

అప్పుడు విజయనగరములో కళాశాల ఉన్నదని తెలిసినది. వ్రేలికి ఉన్న బంగారు ఉంగరమును అమ్మి, ఇంటివారికి చెప్పకుండ బయలుదేరినాడని అంటారు. ఈ ఎన్నికను ఒక్క నిమిషము ఆలోచించండి. తెలిసినవారు ఎవరూ లేని ఊరు. చేతిలో ఉన్నది ఉంగరము ఖరీదు. వెళ్ళునది ఉద్యోగము నిచ్చే చదువునకు కాదు, పాటకు. తీరా చేరేసరికి కళాశాలకు వేసవి సెలవులు. గేటు మూసి ఉన్నది.

అక్కడ అతనికి దొరకిన ఆధారము ఆ కళాశాలలో గాత్రము చెప్పే పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చిన్నగురువుగారని ఉత్తరాంధ్ర అంతా వారిని గౌరవముతో పిలిచేది. శాస్త్రిగారు కలిగినవారు కారు. అయినా ఆ బాలుని దగ్గరకు తీసినారు. జీతము పుచ్చుకొనక పాఠము చెప్పినారు. గురువు విద్య ఇచ్చినాడు గాని పూట గడవవలెను గదా. ఆ రోజులలో బీద విద్యార్థికి మన సమాజము ఒక ఏర్పాటు చేసియుంచినది: వారములు చేసికొనుట. సోమవారము ఒక ఇల్లు, మంగళవారము మరొక ఇల్లు, ఇట్లు ఏడు ఇండ్ల అన్నముతో వారము గడచేది. అది కుదరనపుడు మధూకరము. జోలె భుజాన వేసికొని ఇల్లిల్లు తిరిగి ఆ బాలుడు అన్నము తెచ్చుకొన్నాడు. ఒక పూట తెచ్చినదే రెండు పూటలకు. ఈ సంగతి ఆయన తరువాతి కాలమున దాచుకొనలేదు.

కళాశాల తెరచినారు, అతడు చేరినాడు, చదువు ముగించి సంగీత విద్వాన్ పట్టా పుచ్చుకొన్నాడు. పట్టా చేతికి వచ్చిన మరునాడు లోకము ఎదురువచ్చి స్వాగతము చెప్పినదని అనుకొనరాదు. స్వగ్రామమునకు తిరిగిపోయి కచేరీలు చేసినాడు, పిల్లలకు పాఠములు చెప్పినాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమములో దిగి జైలుకు వెళ్ళినాడు. తరువాత మదరాసు చేరి, తిరుగవలసిన గుమ్మములన్నీ తిరిగినాడు. మదరాసు రేడియో కేంద్రములో బాలాంత్రపు రజనీకాంతరావుగారు పాడే అవకాశము కల్పించినారు. 1945 నాటి "స్వర్గసీమ" చిత్రములో భానుమతిగారితో కలిసి పాడిన పాటతో నేపథ్యగాయకుడైనాడు. 1949లో "మనదేశము", 1951లో "పాతాళభైరవి" చిత్రములకు సంగీతము కూర్చినాడు. ఆ తరువాతి సంగతి తెలియని తెలుగు ఇల్లు లేదు. 1970లో పద్మశ్రీ అందుకొన్నారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసినారు. శాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు చిరకాలము ఘంటసాలగారికి హార్మోనియముతోను, సంగీత సహకారముతోను తోడునిలిచినారు. గురువు ఇంటి బంధము అట్లు నిలిచినది.

ఈనాడు విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పేరు ధరించి ఉన్నది. ఒక సంగీత కళాశాల మూసిన గేటు ముందర నిలుచున్న బాలుని పేరు మరొక సంగీత కళాశాల గేటు మీద ఉన్నది.

ఈ కథను నేను విజయగాథగా మాత్రమే చెప్పలేదు. ఇందులో గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. ఆ బాలునికి కళాశాల ఇచ్చినది ఏమి? ముందుగా, ఎవరి సిఫారసు లేకుండ వచ్చి తట్టదగిన తలుపు. రెండవది, క్రమము, ఇంటి పనులు అయిన తరువాత మిగిలితే చెప్పే పాఠము కాక, వేళకు చెప్పే పాఠము. మూడవది, ఒక పట్టా. కాని సెలవులలో ఆకలితో వచ్చిన కుర్రవానిని ఆదుకొన్నది కళాశాల నిబంధనలు కావు. అందులో పనిచేసే గురువు. గురుకులము నశించినదని, కళాశాల దానిని మ్రింగినదని వాదించేవారు ఉన్నారు. విజయనగరమున జరిగినది అది కాదు. గురుకులము కళాశాల లోపలనే ఒక గదిలో కాపురమున్నది.

ఆ తలుపు ఆడపిల్లలకు కూడ తెరచుకొన్నది. 1935లో విజయనగరములో ఒక న్యాయవాది ఇంట జన్మించిన పులపాక సుశీలగారు ఆ కళాశాలలోనే చదివి, 1950 నాటికి ప్రథమశ్రేణిలో డిప్లొమా పొందినారు. 1953లో పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీత దర్శకత్వమున "కన్నతల్లి" చిత్రములో పాడి సినీరంగమున అడుగుపెట్టినారు. ఇంటినుండి బయలుదేరి, తరగతిలో కూర్చుండి, సాయంకాలమునకు ఇంటికి తిరిగివచ్చే ఏర్పాటు వలన ఎందరి తల్లిదండ్రుల మనస్సు కుదుటపడినదో మనము ఊహించుకొనవచ్చును. ఆడపిల్ల పాట నేర్చుకొనుట పరువు తక్కువ కాదని ఉపన్యాసములు చెప్పి ఒప్పించలేనిచోట, హాజరుపట్టీలో పేరు వ్రాసి కళాశాల ఒప్పించినది.

కళాశాల చదువుతో అంతా ముగిసినదని అనుకొనని వారి కథ కూడ ఒకటి ఉన్నది. నేదునూరి కృష్ణమూర్తిగారు 1927లో పిఠాపురము దగ్గర కొత్తపల్లిలో జన్మించినారు. 1940 ప్రాంతమున విజయనగర కళాశాలలో చేరి వయొలిన్, గాత్రము నేర్చుకొన్నారు. కచేరీలు చేయుట మొదలుపెట్టిన తరువాత, 1949లో శ్రీపాద పినాకపాణిగారిని ఆశ్రయించినారు. అప్పటికే విద్వాంసునిగా పేరు వచ్చుచున్న యువకుడు మరల శిష్యుడై కూర్చున్నాడు. తన బాణీని తిరిగి దిద్దుకొన్నాడు. తరువాత విజయనగరము, విజయవాడ, తిరుపతి, సికిందరాబాదు కళాశాలలకు అధ్యక్షత వహించి, 1991లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదును అందుకొన్నారు. కళాశాల ఆయనకు మొదటి మెట్టు. గురువు రెండవ మెట్టు. రెండవదానిని ఎక్కినందున మొదటిదానిని ఆయన నిందించలేదు. జీవితములో అధిక భాగము ఆ మొదటి మెట్టునే కాపాడినారు.

ఆ గురువు పినాకపాణిగారి మార్గము మరీ విచిత్రమైనది. 1913లో శ్రీకాకుళ ప్రాంతమున పుట్టిన ఆయన చదివినది సంగీత కళాశాలలో కాదు, విశాఖపట్టణము వైద్య కళాశాలలో. 1938లో వైద్యపట్టా, 1945లో ఎం.డి. పుచ్చుకొన్నారు. వైద్య ఆచార్యులుగా పనిచేసి, కర్నూలులో స్థిరపడినారు. పగలు రోగులు, వైద్య విద్యార్థులు. తెల్లవారుజామున, రాత్రివేళ సంగీతము. కీర్తనలకు స్వరలిపి కూర్చి "సంగీత సౌరభము" అనే పేరుతో సంపుటములుగా లోకమునకు ఇచ్చినారు. నేదునూరివారితోబాటు మరికొందరు అగ్రశ్రేణి విద్వాంసులు ఆయన వద్ద నేర్చినారు. 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ ఆయనను వరించినవి. తొంబదితొమ్మిది ఏండ్లు జీవించి, 2013లో పరమపదించినారు. సంగీతమును జీవికగా ఎన్నుకొననివాడు కూడ సంగీతమును జీవితముగా ఎన్నుకొనవచ్చునని ఆయన బ్రదుకు చెప్పుచున్నది.

కాలము గడచినకొలది కళాశాలలు పెరిగినవి. చిదంబరమున 1929లో, తిరువనంతపురమున 1939లో, మదరాసులో 1949లో సంగీత విద్యాలయములు వెలసినవి. తెలుగునాట హైదరాబాదు, విజయవాడ, తిరుపతి మొదలైన పట్టణములలో కళాశాలలు ఏర్పడినవి. సర్టిఫికెట్టు, డిప్లొమా చదువులు స్థిరపడినవి. విశ్వవిద్యాలయములలో పట్టభద్రుల తరగతులు, పరిశోధనలు వచ్చినవి. ఒక బాలునికి ఉంగరము అమ్ముకొన్నగాని అందని తలుపు నేడు ఎందరికో నడక దూరమున ఉన్నది.

పెరిగినకొలది విమర్శలు కూడ వచ్చినవి. వాటిలో నిజము లేకపోలేదు. గంట కొట్టగానే కాంభోజి ఆగిపోయి మరొక పాఠము మొదలుకావలెనా అని పెద్దలు నవ్వినారు. ఇరువదిమందికి ఒకేసారి వర్ణము చెప్పితే ఎవరి గమకము ఎట్లున్నదో అయ్యవారికి ఎట్లు తెలియును? సంవత్సరమునకు ఇన్ని కీర్తనలని పట్టిక వేసినపుడు, విద్యార్థి కీర్తనల సంఖ్యను పెంచుకొంటాడు. రాగమును పెంచుకొనుట మరచిపోతాడు. ఈ దోషములను కళాశాలలలో పనిచేసిన మహావిద్వాంసులే ఇతరులకంటె బాగా ఎరుగుదురు. అందువలననే వారిలో పలువురు తరగతి ముగిసిన తరువాత శిష్యులను ఇంటికి రమ్మన్నారు.

మా రేడియోవారికి ఈ విషయములో ఒక అనుభవము ఉన్నది. ఆకాశవాణిలో పాడదలచినవారు స్వరపరీక్షకు నిలువవలెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైన తరువాత, తెలుగు సీమలో ఎందరో గాయకులకు ఆ పరీక్షయే తొలి సభ. అక్కడ తీర్పు చెప్పేవారికి కావలసినది శ్రుతి, లయ, రాగజ్ఞానము. పట్టా తెచ్చినవాడు శ్రుతి తప్పితే పట్టా కాపాడదు. పట్టా లేనివాడు చక్కగా పాడితే ఆ లోటు అడ్డురాదు. అయినా ఇన్నేండ్లలో నేను గమనించినది ఒకటి చెప్పుతాను. కళాశాలలో చదివి, ఒక గురువును విడువక పట్టుకొన్నవారు ఆ గదిలోనికి వచ్చునపుడు వారి నడకలోనే నెమ్మది కనిపిస్తుంది. వారికి తాము తెలిసికొన్నదెంతయో తెలుసు, తెలియనిది ఎంతయో కూడ తెలుసు.

మరి బ్రదుకుతెరువు మాట? ఈ ప్రశ్నను తప్పించుకొనుట న్యాయము కాదు. సంగీత కళాశాలనుండి బయటకు వచ్చిన ప్రతి బాలుడు ఘంటసాల కాడు. ప్రతి బాలిక సుశీల కాదు. పేరు వినిపించనివారే అధికసంఖ్యాకులు. వారిలో కొందరు పాఠశాలలలో సంగీతోపాధ్యాయులైనారు, కొందరు ఇంటింటికి తిరిగి పాఠములు చెప్పినారు, కొందరు దేవాలయములలో పాడినారు, కొందరు వేరు ఉద్యోగము చేస్తూ సాయంకాలములు తంబుర పట్టినారు. కచేరీలకు పేరు రానివారు లేకపోతే పేరు వచ్చినవారిని తయారుచేసినవారు ఎవరు? సాలూరు చిన్నగురువుగారి పేరు ఎరిగినవారికంటె ఆయన శిష్యుని పాట ఎరిగినవారు వేయింతలు. అయినా ఆ శిష్యుడు ఎవరిని తలచుకొని చేతులు జోడించేవాడో మనకు తెలుసు.

కనుక ఉత్తరము వ్రాసిన తండ్రిగారికి నేను వ్రాసే నాలుగు పంక్తులు ఇవి. "అయ్యా, మీ అబ్బాయిని ఏ కళాశాలలో చేర్చవలెనని అడిగే ముందు, అక్కడ పాఠము చెప్పేవారు ఎవరో వెళ్ళి చూడండి, ఒక పూట కూర్చుండి వినండి. అబ్బాయి ఉదయము అయిదు గంటలకు ఎవరూ లేపకుండ లేచి సాధన చేయుచున్నాడేమో గమనించండి. చేయుచున్నాడంటే వాడు ఎన్నుకొన్నది పట్టాను కాదు, సంగీతమునే. వేరు చదువు కూడ చదువదలచితే చదువనివ్వండి. ఆ దారిన నడచి సంగీతమునకు మేలు చేసినవారు ఉన్నారు."

ఇంతకంటె చెప్పుటకు నాకు అధికారము లేదు. వద్దని చెప్పే అధికారము అసలే లేదు. 1919కి ముందు తెలుగునాట ఒక సామాన్య కుటుంబపు బిడ్డ "నేను సంగీతము చదువుకొంటాను" అని పట్టుబట్టితే, ఎక్కడకు పంపవలెనో తండ్రికి తెలిసేది కాదు. నేడు తండ్రి వద్దనవచ్చును, సరే అనవచ్చును, ఉత్తరము వ్రాసి సలహా అడుగవచ్చును. బిడ్డ అడుగదగిన ప్రశ్నగా దానిని మార్చినవారు విజయనగరములో ఆ గడప కట్టినవారు, ఆకలితో దానిని ఎక్కినవారు. మీ ఇంట ఆ మాట వినిపించిన నాడు కోపగించుకొనక, ముందు ఆ బిడ్డ చేత ఒక పాట పాడించుకొని పూర్తిగా వినండి. ఆ తరువాత ఆలోచించుకొనవచ్చును.